ఆ రేసు మా పిల్లలది కూడా

సంపాదకులకు,
ఫార్ములా-ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు వల్ల హైదరాబాద్ నగరానికి ఒరిగిందేమీ లేదన్న మీ వ్యాసంతో ఏకీభవించలేను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఆ రేసులో డ్రైవర్ వెర్న్ గెలిచిన రోజు మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. సంక్రాంతికి గాలిపటాలమ్మిన డబ్బులే టికెట్లకు పెట్టాను. రేసు జరిగింది ఏటా మా ధూల్‌పేట్ గణపతులు నిమజ్జనానికి వెళ్లే దారిలోనే. పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. సన్నటి ఈలలాంటి చప్పుడుతో కారు మలుపు తిరుగుతుంటే వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆ రాత్రే పతంగి కాగితం మీద కారు బొమ్మ గీశాడు.

ట్రాఫిక్‌తో జనం అవస్థపడ్డ మాట నిజమే. సరిదిద్దాల్సింది దాన్ని. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రేసు నెల ముందే రద్దయింది. మళ్లీ తెస్తే, సర్కారు బడి పిల్లలకు ఒక గ్యాలరీ ఉచితంగా ఇవ్వాలి.

- ఒక పాఠకుడు, ధూల్‌పేట్