చదివింపులు చిన్నతనమా?

ఈ మధ్య శుభలేఖల అడుగున ఒక వాక్యం తరచు కనిపిస్తోంది: "బహుమతులు స్వీకరించబడవు. మీ ఆశీస్సులే మాకు కానుకలు" అని. వినడానికి ఎంతో సంస్కారవంతంగానే ఉంటుంది. మన కాలేజీ మిత్రులు చాలామంది కూడా చదివింపులు పల్లెటూరి మోటుతనమనీ, పెళ్లి పందిట్లో డబ్బు పేరెత్తడమే చిన్నతనమనీ వాదిస్తుంటారు. ఈ వాదనతో నేను ఏకీభవించలేను.

కాస్త చదువుకున్నవాడినని మా బంధువుల పెళ్లిళ్లలో ఆ పుస్తకం రాసే పని నా మీద పడుతుంటుంది. నాలుగు మూలలా పసుపు పూసిన తెల్లకాగితాల పుస్తకం. ఊరు, ఇంటిపేరు, పేరు, మొత్తం. నూట పదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు. పెళ్లయ్యాక అది బీరువాలో పొలం దస్తావేజుల పక్కకు చేరుతుంది. ఎవరింట శుభకార్యం వచ్చినా ముందు దాన్ని తీసి చూస్తారు. వాళ్లిచ్చినదానికి కాస్త చేర్చి ఇవ్వాలి. సరిగ్గా అంతే ఇస్తే లెక్క తెంచుకున్నట్టు! చర్యకు ప్రతిచర్య సమానమన్న న్యూటన్ సూత్రం మా ఊళ్లో చెల్లదన్నమాట.

మరి ఇది కానుకా, అప్పా అంటే రెండూను. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం మూడూ బాధ్యతలేనని ఫ్రాన్సు దేశపు పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద రాసిన వ్యాసంలో వివరించాడు. మా పెద్దవాళ్లు ఆయన్ని చదవలేదు గాని పుస్తకం మాత్రం పెట్టారు. మిరపకాయ అమ్ముడుపోకముందే మాఘమాసంలో ముహూర్తం కుదిరిందనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి పోకుండా వంటవాళ్లకూ పందిరివాళ్లకూ ముట్టజెప్పేది ఆ పళ్లెంలో పడిన నోట్లతోనే. వడ్డీ లేదు, ప్రామిసరీ నోటు లేదు, గడువు లేదు. బహుమతులు వద్దని అచ్చు వేయించగలిగేది డబ్బుకు ఇబ్బంది లేనివారే.

పోనీ వస్తువులిద్దామంటారా? ఒకే గోడగడియారం కాగితం విప్పకుండా నాలుగు పెళ్లిళ్లు తిరగడం ఎవరికి తెలియదు! పేర్లు కొట్టించిన స్టీలు బిందె ఒక్కటే ఆ తిరుగుడు తప్పించుకుంటుంది.

నాకు నచ్చనిది మైకు. పదివేలు చదివించినవాడు అది మోగేదాకా అక్కడే నిలబడి మీసం దువ్వుతాడు. కూలి డబ్బుల్లోంచి నూట పదహార్లు తెచ్చిన ముసలమ్మ మాత్రం నా చెవి దగ్గర వంగి, "రాసుకో నాయనా, అరవమాక" అంటుంది. రాత ఉంటే చాలు, ఆ అరుపు తీసెయ్యాలి.

కొన్ని ప్రాంతాల్లో చదివింపులనే కట్నాలంటారు. అసలు పూర్వం కట్నమంటే కానుకే. ఆ మాట చాటునే ఇప్పుడు ఎకరాలు, కార్లు చేతులు మారుతున్నాయి. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం, అడగకుండా ఇచ్చిన కానుకలను మినహాయించినా, వాటికి జాబితా ఉండాలంటోంది. వస్తువు, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి వధూవరులిద్దరూ సంతకాలు చేయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. చూడబోతే ఇదీ చదివింపుల పుస్తకమే! నూట పదహార్లకు ఇంటిపేరుతో సహా రాయించే పెద్దలు ఇక్కడ మాత్రం కలం మూసేస్తారు. "మాకేమీ వద్దు, మీ అమ్మాయికి మీరేం పెట్టుకున్నా మీ ఇష్టం" అనే మాట ఖరీదెంతో ఆడపిల్ల తండ్రి పొలం బేరానికి పెట్టినప్పుడు తెలుస్తుంది. బహుమతులు వద్దని శుభలేఖ వేయించేవారిలో ఇటువంటివారూ ఉన్నారు. ఇన్ని పెళ్లిళ్లలో కూర్చుని రాశాను గాని, ఆ రెండో పుస్తకం రాయడానికి రమ్మని నన్నింతవరకు ఎవరూ పిలవలేదు.