అతిథిగా వెళ్ళేవాడు, అమ్ముడుపోయేవాడు

గత మాసం ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకొని నారాయణగూడలోని మా మదర్సాకు తిరిగి వచ్చేసరికి, వరండాలో ఒక తల్లి మా కోసం నిరీక్షిస్తూ కూర్చుని ఉన్నారు. నల్లగొండ జిల్లాలోని తమ ఊరి నుండి తెల్లవారుజామునే బస్సులో బయలుదేరి వచ్చారట. ఆమె కుమారుడు బాల్యంలో మా వద్ద మూడేళ్ళు ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్నాడు. తరువాత డిగ్రీ పూర్తి చేసి, నాలుగేళ్ళుగా అశోక్‌నగర్‌లో మరో నలుగురితో కలిసి ఒకే గదిలో ఉంటూ సర్కారు కొలువు పరీక్షలకు చదువుతున్నాడు. ఇప్పుడతనికి బ్యాంకాక్‌లో ఉద్యోగం దొరికిందట. కంప్యూటరులో వివరాలు ఎక్కించే పని, నెలకు ఎనభై వేల జీతం, విమానం టికెట్టు కూడా కంపెనీదేనట.

"మౌలానా సాబ్, ఆ దేశం మంచిదేనా? అక్కడ దొంగలు, హంతకులు ఎక్కువంటారు. పిల్లవాణ్ణి పంపవచ్చునా?" అని ఆమె అడిగారు.

విచిత్రమేమంటే, అదే వారంలో చిక్కడపల్లిలో వ్యాపారం చేసుకునే ఒక మిత్రుడు కూడా దాదాపు ఇదే ప్రశ్న వేశారు. వేసవి సెలవుల్లో భార్యాపిల్లలను పుకెట్ దీవికి తీసుకువెళ్ళాలని ఆయన సంకల్పం. "అక్కడ కుటుంబంతో తిరగడం క్షేమమేనా?" అన్నది ఆయన సందేహం.

ఇద్దరూ అడిగినది ఒకే దేశాన్ని గురించి. కాని ఇద్దరికీ ఒకే సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఎందుకో ఈ మాసం పాఠకులకు వివరించదలిచాము.

ముందుగా విహారయాత్రికుని మాట. థాయిలాండ్ ప్రభుత్వం 2023 నవంబరు 10 నుండి భారతీయ పర్యాటకులకు వీసా లేకుండానే ప్రవేశం కల్పించింది. హైదరాబాదు నుండి నేరుగా విమానాలున్నాయి. ఒకప్పుడు ఊటీకి, గోవాకు వెళ్ళిన మధ్యతరగతి కుటుంబాలు నేడు బ్యాంకాక్‌కు, పుకెట్‌కు వెళుతున్నాయి. పర్యాటకుల రాకపై లక్షలాది మంది జీవనం ఆధారపడిన దేశమది. అక్కడ పర్యాటకుల కోసమే ప్రత్యేక పోలీసు విభాగం ఉన్నది. 1155 నంబరుకు ఫోను చేస్తే ఇంగ్లీషులో మాట్లాడేవారు అందుబాటులో ఉంటారు. కుటుంబంతో వెళ్ళి, జాగ్రత్తగా తిరిగి వచ్చేవారికి అక్కడ హంతకుని భయం అంతగా లేదు.

మరి భయపడవలసినదేమిటి? మొదటిది రోడ్డు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో వెలువరించిన నివేదిక ప్రకారం, రోడ్డు ప్రమాదాల్లో ప్రతి లక్ష మంది జనాభాకు మరణిస్తున్నవారు మన దేశంలో 22.6 మంది కాగా, థాయిలాండ్‌లో 32.7 మంది. మరణించేవారిలో అత్యధికులు ద్విచక్ర వాహనాలపై వెళ్ళేవారే. మన యువకులు అక్కడ దిగగానే బైకు అద్దెకు తీసుకుంటారు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండదు, హెల్మెట్ ఉండదు. ప్రమాదం జరిగితే బీమా సంస్థ పరిహారం నిరాకరించవచ్చు. అద్దెకిచ్చే వ్యక్తి పాస్‌పోర్టును కుదువ పెట్టమంటే ఇచ్చేస్తారు. పాస్‌పోర్టును ఎవరి చేతిలోనూ కుదువ పెట్టరాదు.

రెండవది సముద్రం. మే నుండి అక్టోబరు వరకు పుకెట్ పడమటి తీరంలో అలలు ప్రమాదకరంగా ఉంటాయి. ఎర్రజెండా పాతిన చోట నీటిలో దిగరాదు. 2018 జూలై 5న వాతావరణ హెచ్చరికలున్నప్పటికీ బయలుదేరిన 'ఫీనిక్స్' అనే పడవ పుకెట్ సమీపంలో మునిగిపోయి 47 మంది చైనా పర్యాటకులు ప్రాణాలు కోల్పోయారు.

మూడవది చిల్లర మోసం. "ఈరోజు రాజప్రాసాదం మూసివేశారు, వేరేచోటికి తీసుకువెళతాను" అనే ఆటోవాలా రత్నాల దుకాణం ముందు దింపుతాడు. నీటిపై నడిపే స్కూటరును అద్దెకిచ్చినవాడు పాత గీతలు చూపి కొత్తగా పాడుచేశావంటూ డబ్బు గుంజుతాడు. ఆ దేశంలోకి ప్రవేశించడానికి 2025 మే నుండి తప్పనిసరి చేసిన డిజిటల్ కార్డు పూర్తిగా ఉచితం. దానికి రుసుము అడిగే వెబ్‌సైటు నకిలీదని గ్రహించాలి. ఇక మలేషియా సరిహద్దున ఉన్న పట్టాని, యాల, నరాథివాట్ ముస్లిం ప్రాంతాలు గదా అని కొందరు అటు వెళ్ళదలుస్తారు. అక్కడ 2004 జనవరి నుండి సాయుధ ఘర్షణ సాగుతున్నది. పిల్లలతో వెళ్ళదగిన చోటు కాదు.

ఇవన్నీ చెబుతూనే మరొక మాట చెప్పకపోతే అది న్యాయం కాదు. పరదేశంలో నేరం ఎప్పుడూ అక్కడివారే చేస్తారని, బాధితులం ఎప్పుడూ మనమేనని భావించరాదు. 2023 మే 1న పట్టాయా నగరంలోని ఒక హోటలుపై పోలీసులు దాడి చేసి, జూదం ఆడుతున్న 93 మందిని పట్టుకున్నారు. వారిలో ఎనభై మందికి పైగా భారతీయులే. హైదరాబాదు నుండి వెళ్ళిన తెలుగువారూ అందులో ఉన్నారు. ఇంట నిషిద్ధమైనది విమానం దిగగానే ధర్మసమ్మతం కాదు. అది ఆ దేశ చట్టానికి కూడా విరుద్ధమే. ఇ-సిగరెట్టు అక్కడ నేరం. రాజును గాని, రాణిని గాని అవమానిస్తే ఒక్కొక్క నేరానికి మూడు నుండి పదిహేనేళ్ళ కారాగారం. అతిథికి ఆతిథ్యం హక్కు అయితే, ఆ ఇంటి కట్టుబాటును గౌరవించడం అతని బాధ్యత.

చిక్కడపల్లి మిత్రునికి ఇదంతా చెప్పి, "వెళ్ళి రండి, అల్లాహ్ మీ ప్రయాణాన్ని సులభతరం చేయుగాక!" అన్నాము.

ఆ తల్లికి మాత్రం అలా అనలేకపోయాము. ఎందుకనలేకపోయామో చెప్పాలంటే మా తప్పిదం ఒకటి ఒప్పుకోవాలి.

2024లో మా పూర్వ విద్యార్థి మరొకడు ఇలాగే వచ్చాడు. థాయిలాండ్‌లో ఉద్యోగం దొరికిందన్నాడు. మేము సంతోషించి, తలపై చేయి ఉంచి దుఆ చేసి పంపాము. ఏ కంపెనీ, ఎవరు పంపుతున్నారు, ఏ వీసా అని ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. బ్యాంకాక్ విమానాశ్రయంలో అతణ్ణి కారులో ఎక్కించుకున్నవారు నగరంలో ఆగలేదట. సుమారు 500 కిలోమీటర్లు ప్రయాణించి సరిహద్దు పట్టణమైన మేసోట్‌కు చేర్చారు. రాత్రివేళ మోయి నదిని దాటించారు. ఆవలి ఒడ్డు మయన్మార్, అక్కడి మ్యావడ్డీ ప్రాంతం. ఎత్తైన గోడలు, తుపాకులు పట్టిన కాపలాదారులు. పాస్‌పోర్టు, ఫోను లాక్కున్నారు. రోజుకు పదహారు గంటలు కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ముక్కూమొగమూ తెలియనివారితో ప్రేమ మాటలు, పెట్టుబడి మాటలు చెప్పించి డబ్బు కాజేయించారు. లక్ష్యం చేరని రోజున కొట్టారు. "నన్ను కొన్నారట. విడిపించుకోవాలంటే ఆ సొమ్ము కట్టాలన్నారు" అని తిరిగి వచ్చాక అతడు మాతో చెప్పాడు.

ఇది ఒక్కరి కథ కాదు. మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేల మంది, కంబోడియాలో సుమారు లక్ష మంది ఇటువంటి నిర్బంధంలో ఉండవచ్చునని ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో పేర్కొన్నది. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు నిరుద్యోగ యువకులను కంబోడియాకు పంపిన ఏజెంట్లను అరెస్టు చేశారు. 2025 జనవరిలో వాంగ్ షింగ్ అనే చైనా నటుడు సినిమా అవకాశమని నమ్మి బ్యాంకాక్‌లో దిగగా, అతణ్ణి సైతం మేసోట్ మీదుగా మ్యావడ్డీకి తరలించారు. పేరున్నవాడు గనుక కొద్ది రోజుల్లోనే బయటపడ్డాడు. పేరులేనివారు నెలల తరబడి మగ్గారు. 2025 మార్చి 10, 11 తేదీలలో భారత వైమానిక దళ విమానాలు మేసోట్ నుండి 549 మంది భారతీయులను స్వదేశానికి చేర్చాయి. వారిలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. మా విద్యార్థి కూడా ఆ విమానాల్లోనే తిరిగి వచ్చాడు.

అతడు చెప్పిన మాటల్లో మమ్మల్ని నేటికీ కలచివేసేది వేరొకటి ఉన్నది. మోసపోయినవారిలో తెలుగు మాట్లాడేవారూ ఉన్నారట. పదవీ విరమణ సొమ్ము పోగొట్టుకున్న ఒక వృద్ధుడు ఫోనులో ఏడుస్తుంటే, వెనుక కర్ర పట్టుకుని నిలుచున్నవాని భయంతో ఇతడు మాట్లాడుతూనే ఉన్నాడట. ఒక కొసన దోచుకోబడినవాడు మనవాడే. మరో కొసన దోపిడీకి సాధనమైనవాడూ మనవాడే. ఇద్దరి మధ్య లాభపడినవాడు ఎవరి కంటా పడలేదు. "ఆ పాపానికి నేను జవాబుదారీనా?" అని అతడు మమ్మల్ని అడిగాడు. బలవంతం క్రింద జరిగినదానికి, ఇష్టపూర్వకంగా చేసినదానికి ధర్మశాస్త్రం భేదం చూపుతుందని చెప్పాము. ఆ సమాధానంతో అతనికి ఊరట కలిగిందని మాత్రం చెప్పలేము. మేము చేసిన దుఆకు మేమెలా జవాబుదారులమో కూడా ఆనాడే ఆలోచించాము. సలహా అడిగినవాని విషయంలో సలహా ఒక అమానత్. విచారించకుండా దీవించడం ఆ అమానత్‌ను పాడుచేయడమే.

కాబట్టి ఆ దేశం మంచిదా చెడ్డదా అన్నది సరైన ప్రశ్న కాదని ఆ తల్లికి వివరించాము. ఆ యువకులను అమ్మినది థాయి దొంగ కాదు. మన భాష మాట్లాడేవాడు, తరచు మన ఊరివాడు, కొన్నిసార్లు మన బంధువే. వాడు పొంచి ఉండే చోటు పట్టాయా వీధి కాదు, చేతిలోని ఫోను. అశోక్‌నగర్‌లో నోటిఫికేషన్ కోసం ఎదురుచూసి అలసిన పిల్లవాని నిరాశే వాడి పెట్టుబడి.

మనం ఇతర దేశాల నేరాలను లెక్కించేముందు మన గడపను కూడా చూసుకోవాలి. 2025 మార్చి 31న మన హైదరాబాదు శివార్లలోనే, జర్మనీ నుండి వచ్చిన ఒక యువతిపై అత్యాచారం చేశాడన్న ఆరోపణపై ఒక కారు డ్రైవరు అరెస్టయ్యాడు. ఆ దేశంలోని తల్లిదండ్రులు కూడా నేడు "హైదరాబాదు క్షేమమేనా?" అని అడుగుతూ ఉండవచ్చు. అతిథిని గౌరవించడం విశ్వాసంలో భాగమని పిల్లలకు బోధించే మేము, ఆ ప్రశ్నకు ఏ ముఖంతో జవాబు చెప్పగలము?

ఆ సాయంత్రమే కుర్రవాణ్ణి పిలిపించాము. చిక్కడపల్లి గ్రంథాలయం నుండి నేరుగా వచ్చాడు. ముఖంలో ఉత్సాహం, మా పిలుపుపై కొంత అనుమానం. "ఇస్తిఖారా చేశాను హజ్రత్, మనసుకు మంచిగానే అనిపించింది" అన్నాడు.

"చాలా మంచిది నాయనా. ఒంటెను కట్టివేసిన పిమ్మటే దైవంపై భారం వేయమని ప్రవక్త (స) నేర్పారు గదా. మరి తాడు చూద్దామా?" అని మూడు విషయాలు అడిగాము.

మొదటిది: ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు ఏది? విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం క్రింద రిజిస్ట్రేషన్ ఉండాలి. విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఆ జాబితా చూసుకోవచ్చు. అతడు పుచ్చుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. రెండవది: వీసా ఏది? పర్యాటకునిగా ప్రవేశించి అక్కడ ఉద్యోగం చేయడం చట్టవిరుద్ధం. ఉద్యోగానికి తగిన వీసా, వర్క్ పర్మిట్ ఉండాలి. "ముందు టూరిస్టుగా రా, తరువాత మారుస్తాము" అనే మాట వినగానే వెనుకకు తిరగాలి. మూడవది: కార్యాలయం ఏ నగరంలో, ఏ వీధిలో ఉన్నది? ఆ చిరునామాను బ్యాంకాక్‌లోని భారత రాయబార కార్యాలయానికి వ్రాసి విచారించావా?

మూడింటికీ అతని వద్ద జవాబు లేదు. మా ఎదుటే ఏజెంటుకు ఫోను చేసి రిజిస్ట్రేషన్ నంబరు అడిగాడు. "అనుమానమున్నవాడికి ఉద్యోగమెందుకు?" అని అవతలి గొంతు కసిరింది. మర్నాటి నుండి ఆ ఫోను మ్రోగలేదు.

తల్లి షుక్రానా నమాజు చేసుకున్నారు. కుర్రవాడు మాత్రం తల వంచుకొని, "ఇప్పుడు నేనేం చేయాలి హజ్రత్?" అన్నాడు. వద్దని చెప్పడం మాకు సులభమే. నాలుగేళ్ళు గదిలో గడిపినవానికి ఆ ఒక్క మాట చాలదు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ సంస్థ ద్వారా విదేశీ అవకాశాలు ఉంటాయని చెప్పి, దాని కార్యాలయానికి వెంట వెళ్ళి పేరు నమోదు చేయించాము. గది అద్దె రెండు నెలల బాకీ ఉంటే, చిక్కడపల్లి మిత్రుడు పుకెట్ ప్రయాణపు ఖర్చులోంచి కొంత మిగిల్చి కర్జె హసనాగా ఇచ్చారు.

పాఠకులారా! మీ ఇంట గాని, మీ వీధిలో గాని ఏ యువకుడైనా విదేశీ ఉద్యోగమని సంబరపడుతుంటే, ముబారక్ చెప్పేముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి. ఇప్పటికే ఎవరైనా చిక్కుకొని ఉంటే సిగ్గుపడి దాచకండి. స్థానిక పోలీసులకు, భారత రాయబార కార్యాలయానికి వెంటనే తెలియజేయండి. మోసపు ఫోనుకు డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక 1930కు ఫోను చేయండి. తిరిగి వచ్చిన పిల్లలను "ఎందుకు వెళ్ళావు?" అని నిలదీయకండి. వారిని అలా అడిగే హక్కు, వెళ్ళేనాడు ఏమీ అడగని మాబోటివారికి లేదు.