అప్పు తీరే లోపు ఆరోగ్యం తీరిపోకూడదు

యాభై లక్షల గృహరుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు. నెలకు రూ.43,391 వాయిదా. మొదటి నెల కట్టిన దానిలో రూ.35,417 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది ఎనిమిది వేలు కూడా కాదు. ఈ లెక్క చూస్తే ఎవరికైనా గుండె దడ పుడుతుంది. అందుకే హైదరాబాద్, విజయవాడల్లో ఫ్లాటు కొన్న చాలామంది చేతికొచ్చిన ప్రతి రూపాయినీ బ్యాంకుకే కట్టేస్తున్నారు. ఇంకొందరు గృహప్రవేశం కాకముందే ఫాల్స్ సీలింగుకూ, మాడ్యులర్ కిచెన్‌కూ పర్సనల్ లోన్ తీసుకుంటున్నారు. ఇది మరీ ప్రమాదం. ఆ అప్పు వడ్డీ సాధారణంగా గృహరుణం కంటే ఎక్కువ.

ముందే కట్టడం మంచిదే. పై గృహరుణంలో మొదట్లోనే లక్ష అదనంగా కట్టి, నెల వాయిదా మార్చకుండా కొనసాగిస్తే గడువు ఏడాది తగ్గుతుంది. వ్యక్తులు సొంత అవసరానికి మారే వడ్డీ రేటుపై తీసుకున్న గృహరుణాలకు ముందస్తు చెల్లింపు రుసుము వేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది.

కానీ ఆ లక్ష ఎక్కడిది? ఆరోగ్య బీమా ప్రీమియం ఎగ్గొట్టి, మోకాలి నొప్పిని ఓర్చుకుని మిగిల్చినదైతే దాన్ని పొదుపు అనలేం. అలాగే ఇంట్లో కారే స్లాబు, షాక్ కొట్టే వైరింగు, అమ్మానాన్నలు జారిపడే బాత్రూం నేల ముందు బాగుచేయించాలి. గోడలకు రంగులు ఆగుతాయి. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకుని, ఆపైన మిగిలినదే బ్యాంకుకు కట్టండి.