మళ్లీ మన వేలిముద్రేనా?

మన తాతలు సావుకారు కాగితం మీద వేలిముద్ర వేశారు. అందులో ఏం రాసి ఉందో వాళ్లకు తెలియదు. భూములు పోయాయి. ఇప్పుడు మన పిల్లల కోసమంటూ మళ్లీ మన వేలిముద్రే అడుగుతున్నారు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారం వాడుకునే యాప్ ఏదైనా ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. వినడానికి బాగుంది. ఆ అనుమతి ఏ భాషలో అడుగుతారు? ఇంగ్లీషులో, లేదంటే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఒకదానిలో. కోయ, గోండి, సవర, కువి ఆ షెడ్యూలులో లేవు. పోనీ తెలుగులోనే అడిగారనుకుందాం. చదువురాని తల్లికి దాన్ని చదివి చెప్పేదెవరు? ఆ పిల్లవాడే. ఫోను నడిపేదీ వాడే, ఓటీపీ కొట్టేదీ వాడే. ఇక ఎవరు ఎవరికి అనుమతి ఇచ్చినట్టు?

రేపు ఆ ఫోనులో బూతు వీడియోలు వచ్చినా, ఎవడో మన ఆడపిల్ల ఫొటో తీసుకుని బెదిరించినా, "మీరు ఒప్పుకున్నారు కదా" అంటారు. పిల్లల్ని చూసుకోవడం చేతకానివాళ్లని మనకే పేరు పెడతారు.

దీనికి జవాబు మన 1/70 చట్టంలోనే ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని ఆ చట్టం ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసింది ఆ గిరిజనేతరుడే. అమలు ఎలా ఉందో మనకు తెలుసు, కానీ సూత్రం సరైనది: రుజువు భారం బలవంతుడిది. పిల్లల విషయంలోనూ అంతే కావాలి. బిడ్డ కంట చెడు పడితే, దాన్ని ఆపడానికి తానేం చేశాడో కంపెనీవాడే రుజువు చేసుకోవాలి. అనుమతి అడిగితే మన భాషలో, చెవికి వినపడేలా అడగాలి. 2025 నవంబరులో వచ్చిన నియమాలు అనుమతి నిబంధనకు 18 నెలల గడువు ఇచ్చాయి. ఆ గడువులోపే గ్రామసభల్లో తీర్మానాలు చేసి పంపుదాం.

అంతవరకు ఉన్న చట్టాలను వాడుకుందాం. పిల్లల అశ్లీల దృశ్యాలను పంపడమే కాదు, వెతికి చూడడం, దించుకోవడం కూడా ఐటీ చట్టం 67బి కింద నేరమే. మొదటిసారికే ఐదేళ్ల దాకా జైలు. బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. టీచరుకైనా వార్డెనుకైనా మినహాయింపు లేదు. "పరువు పోతుంది, ఊళ్లోనే తేల్చుకుందాం" అనే పెద్దలకు ఈ మాట గట్టిగా చెబుదాం. పిల్లల సాయానికి 1098, సైబర్ మోసాలకు 1930. ఈ రెండు నంబర్లూ ప్రతి ఆశ్రమ పాఠశాల గోడ మీద రాయిద్దాం.