నర్తకి, వెలుగు, నాదము

నాట్యమనగా ఒక కథను అభినయించుటయే యని మనలో పెక్కుమంది తలంపు. కథ లేక, పాత్ర లేక, ఒక్క నర్తకియు, కదలు వస్త్రమును, మారు వెలుగును మాత్రమే రంగముపై నున్నచో దానిని కళ యనవచ్చునా? ఈ ప్రశ్న 1892లో న్యూయార్కు న్యాయస్థానము నెదుటికే వచ్చినది.

అమెరికా నర్తకి లోయీ ఫుల్లర్ వెడల్పైన పట్టువస్త్రమును ధరించి, దానిని కఱ్ఱలతో త్రిప్పుచు, దానిపై రంగురంగుల కాంతులు ప్రసరింప 'సర్పనృత్యము' నాడెను. మఱియొకరు దానిని అనుకరింపగా ఆమె వ్యాజ్యము వేసెను. ఈ నృత్యము కథ నేదియు చెప్పుట లేదు గనుక నాటకరచన కాదని న్యాయమూర్తి త్రోసిపుచ్చెను. ఆ యేడే ఆమె పారిస్ చేరి, ఫోలీ బెర్జేర్ రంగశాలలో ప్రేక్షకులను ముగ్ధులను గావించెను. తరువాత గాజుపలకపై నిలిచి, క్రిందినుండి వెలుగు ప్రసరింపగా 'అగ్నినృత్యము' నాడెను. దీపములకడ నిలిచిన పనివారు ఆమె సంజ్ఞల ననుసరించి రంగులు మార్చెడివారు. కన్నుల కగపడినది ఒక్క నర్తకి. ఆడినది ఒక బృందము.

నాదవిషయమునను ఇట్టి ప్రయత్నము జరిగినది. 1932లో న్యూయార్కు కార్నెగీ హాలులో రష్యా శాస్త్రజ్ఞుడు లియోన్ థెరెమిన్ ఒక విద్యుద్వేదికను ప్రదర్శించెను. దానిపై నిలిచినవారి కదలికలనుబట్టి స్వరము హెచ్చుతగ్గులు పొందెడిది. అది పాటకు ఆడుట కాదు. ఆటయే పాట యగుట.

ఇవి మనకు బొత్తిగా పరాయివి కావు. మన భాగవత మేళములలో పాత్ర ప్రవేశించునపుడు దివిటీపై గుగ్గిలపు పొడి చల్లి మంటను భగ్గుమనిపించెడివారు. మద్దెల వాయించువాని చూపు నర్తకుని పాదముపైననే యుండెడిది. దివిటీ పట్టినవాడును ఆటలో భాగస్వామియే.

నేడు పాఠశాలల వార్షికోత్సవములలో ముద్రితగీతము మ్రోగుచుండ, దాని వేగము నందుకొనుటకు పిల్లలు పరుగులు తీయుచున్నారు. అడుగు తడబడిన బాలికకొఱకు ఆ పాట ఆగదు. ఉపాధ్యాయులు ఒక్కమాఱైనను ఒకరికి నృత్యమును, ఒకరికి దీపమును, ఒకరికి మృదంగమును అప్పగించి చూడవలెను. తెల్లని దుప్పటియు, రంగుకాగితము అడ్డుపెట్టిన చేతిదీపమును చాలును. ఒకరి నొకరు గమనించుట అక్కడ నేర్చినట్లు మఱెక్కడను నేర్వరు. ఆట ముగిసినపిదప 'దీని కథ యేమి?' అని గాక, 'మీరేమి చూచితిరి?' అని విద్యార్థుల నడుగుడు.

1976 నాటి అమెరికా చట్టము నృత్యరచనలను పేరు పెట్టి రక్షించినది. న్యాయస్థానమున చెల్లని ఆ పాత తీర్పు మన తరగతి గదులలో ఇంకను చెల్లుచుండుట తగునా?