గ్యాస్‌తో నడిచే ఓడలు: నిబంధన రాసేశారు, పాటించాల్సింది మన పిల్లలే



2025 అక్టోబరులో లండన్‌లో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, అంటే ఐఎంఓ, సమావేశమైంది. ఓడలు వదిలే కర్బన ఉద్గారాలకు ధర కట్టాలనే ప్రతిపాదన మీద ఆ రోజుల్లోనే తేల్చాలి. తేల్చలేదు. ఓటు వేసుకుని మరీ ఏడాది వాయిదా వేశారు. రేపు ఏ ఇంధనం చవకో, దేని మీద పన్ను పడుతుందో ఓడల యజమానులకు ఇంకా తెలియదు. అయినా కొత్త ఓడల ఆర్డర్లు ఆగలేదు. వాటిలో చాలా వాటికి ఎల్‌ఎన్‌జీ ట్యాంకులు పెడుతున్నారు. ఎల్‌ఎన్‌జీ అంటే చల్లబరచి ద్రవంగా మార్చిన సహజవాయువు.

ఇది మన బడి పేజీలో ఎందుకని అడగవచ్చు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి దాకా ఉన్న తెలుగు ఇళ్లలో ఓడ ఉద్యోగానికి వెళ్లిన వాళ్లు, వెళ్లాలనుకునే వాళ్లు ఎందరో మీకే తెలుసు. పదో తరగతి అయ్యీ అవ్వగానే "సార్, గ్యాస్ షిప్ కోర్సు చేస్తే జీతం ఎక్కువట కదా" అని అడిగే పిల్లలు మన బడిలోనూ ఉన్నారు. ఆ కోర్సు వెనక ఉన్న నిబంధన ఏమిటో తెలియకుండా డబ్బు కట్టకూడదని నా అభిప్రాయం.

ముందు గ్యాస్ సంగతి. సహజవాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాన్ని సుమారు మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై, ఉన్న చోటులో ఆరు వందలో వంతుకు కుంచించుకుపోతుంది. అందుకే ఓడలో పెట్టుకోవడానికి వీలవుతుంది. మన వంటింటి సిలిండరులో ఉన్నది ఇది కాదు, ఎల్‌పీజీ. లీకైతే మనకు తెలియాలని దానిలో వాసన కలుపుతారు. ఓడ ట్యాంకులోని ఎల్‌ఎన్‌జీకి ఆ వాసన ఉండదు, ముక్కుతో కనిపెట్టలేం. ఎల్‌పీజీ ఎప్పుడూ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. మీథేన్ వెచ్చబడితే పైకి పోతుంది. కానీ అప్పుడే కారిన ఆవిరి చాలా చల్లగా ఉంటుంది కనుక, కాసేపు అదీ తెల్లటి పొగమంచులా కిందే పరుచుకుంటుంది. ఆ కాసేపే ప్రమాదం. మీథేన్ ఏం చేయగలదో మన తెలుగు నేల మీదే చూశాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో పైపులైను నుంచి లీకైన సహజవాయువు అంటుకుని పదిహేను మందికి పైగా చనిపోయారు.

చలి వల్ల వచ్చే ప్రమాదం ఇంకోటి. మామూలు ఉక్కు మీద ఎల్‌ఎన్‌జీ పడితే అది పెళుసైపోయి గాజులా పగులుతుంది. 1944 అక్టోబరు 20న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎల్‌ఎన్‌జీ నిల్వ ట్యాంకు పగిలి, గ్యాస్ వీధుల్లోకీ మురుగు కాలువల్లోకీ పారి, నిప్పంటుకుంది. 130 మంది చనిపోయారు. అంత చలికి తట్టుకునే ఉక్కు ఆ ట్యాంకుకు వాడలేదు. ఇవాళ ఓడలో ఇంధనం నింపే పైపు కింద స్టెయిన్‌లెస్ స్టీల్ పళ్లెం పెట్టడం, ఓడ పక్క గోడ మీద నీటి తెర పారించడం ఇలాంటి అనుభవాల ఫలితమే.

సముద్రం మీది నిబంధనలు సాధారణంగా శవాల లెక్క తేలాక పుడతాయి. 1912లో టైటానిక్ మునిగితే 1914లో సోలాస్ ఒప్పందం వచ్చింది. గ్యాస్ ఇంధనం విషయంలో మాత్రం కొంత ముందుచూపు కనిపిస్తుంది. 2000లో నార్వేలో గ్లుట్రా అనే చిన్న ఫెర్రీ ఎల్‌ఎన్‌జీతో నడవడం మొదలైంది. 2009లో ఐఎంఓ తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. 2015 జూన్‌లో ఐజీఎఫ్ కోడ్ ఆమోదించింది, 2017 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. 60 డిగ్రీల లోపు వేడికే మండే ఆవిరినిచ్చే ఇంధనాలు వాడే ఓడలకు ఇది వర్తిస్తుంది. ఒక్క పెద్ద దుర్ఘటన కోసం ఎదురుచూడకుండా రాసిన నియమావళి కనుక దానికి మెచ్చుకోలు దక్కాల్సిందే.

అందులో ఏముందో పిల్లలకు అర్థమయ్యేలా రెండు మూడు చెబుతాను. ఓడను ఇంకో ఓడ పక్క నుంచి గుద్దినా ట్యాంకు పగలకూడదు. అందుకని ట్యాంకు ఓడ పక్క గోడ నుంచి, ఓడ వెడల్పులో ఐదో వంతు దూరం, లేదా 11.5 మీటర్లు, రెండింటిలో ఏది తక్కువైతే అంత లోపల ఉండాలన్నది సాధారణ నియమం. ఇంజను గదిలో గ్యాస్ పైపు చుట్టూ మరో పైపు ఉంటుంది. ఆ రెండింటి మధ్య గాలిని గంటకు కనీసం 30 సార్లు మార్చడం ఒక పద్ధతి. ఓడ కదలకుండా ఆగిపోయినా, ట్యాంకులో ఒత్తిడి 15 రోజుల పాటు హద్దు దాటకుండా చూసుకోగలగాలి.

తొమ్మిదో తరగతి వాళ్లు ఒక లెక్క చేయండి. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే మండుతుంది. ట్యాంకు పైపులు కలిసే గదిలో, ఆ కనీస హద్దులో 20 శాతానికి చేరగానే అలారం మోగాలి. రెండు డిటెక్టర్లు 40 శాతం చూపిస్తే ట్యాంకు ప్రధాన వాల్వు తనంతట తానే మూసుకోవాలి. అంటే గాలిలో గ్యాస్ ఎంత ఉన్నప్పుడు అలారం? ఐదులో ఇరవై శాతం, ఒక్క శాతం. వాల్వు మూసుకునేది రెండు శాతం దగ్గర. ప్రమాదానికి ఇంకా మూడు శాతం దూరం ఉండగానే యంత్రం తన పని చేసేస్తుంది. మంచి ఏర్పాటు.

అయితే ఆ డిటెక్టరు సరిగా చూపిస్తోందా అని పరీక్షించే వాడు మనిషి. అలారం ఊరికే మోగుతోందని విసుక్కుని దాన్ని ఆపేసేవాడూ మనిషే. ఇంధనం నింపేటప్పుడు, ఓడవాళ్ల మాటలో బంకరింగ్ అప్పుడు, గొట్టం విప్పే ముందు నైట్రోజన్‌తో గ్యాస్ పూర్తిగా తోసేశారా, అత్యవసర బటన్ రెండు ఓడల్లోనూ పనిచేస్తోందా అని చెక్‌లిస్టు చూడాలి. ఆ కాగితం మీద అన్ని గడుల్లోనూ ఒకేసారి టిక్కులు పెట్టి సంతకం చేస్తే ఇన్స్పెక్టరుకు కనిపించేది నిబంధన పాటించిన ఓడే. నా దృష్టిలో ఈ కోడ్‌లో అసలు బలహీనత ఉక్కులోనూ లేదు, వాల్వులోనూ లేదు. అక్కడే ఉంది.

కోడ్ రాసినవాళ్లకూ ఇది తెలుసు. అందుకే నావికుల శిక్షణ ఒప్పందం ఎస్‌టీసీడబ్ల్యూలో కొత్త నిబంధన చేర్చి, దాన్నీ 2017 జనవరి 1 నుంచే అమలు చేశారు. రెండు మెట్లు. ఇంధనానికి సంబంధించిన భద్రతా పనులు అప్పగించిన వాళ్లకు బేసిక్. కెప్టెనుకు, ఇంజనీర్లకు, ఇంధనం బాధ్యత నేరుగా చూసేవాళ్లకు అడ్వాన్స్‌డ్. అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ రావాలంటే గదిలో కూర్చుంటే చాలదు. కనీసం నెల రోజులు ఓడ మీద పనిచేయాలి, మూడు బంకరింగ్‌లు చూడాలి. వాటిలో రెంటిని సిమ్యులేటరు మీద చేయవచ్చు, ఒకటైనా నిజంగా జరగాలి. కాబట్టి ఇంకా ఓడే ఎక్కని అబ్బాయికి "అడ్వాన్స్‌డ్ కూడా ఇప్పించేస్తాం" అని ఎవరైనా అన్నారంటే, ఆ మాటతోనే వాళ్ల సంగతి తెలిసిపోవాలి.

ఇంకో తికమక ఉంది. గ్యాస్‌ను సరుకుగా మోసే ఓడ వేరు, గ్యాస్‌ను ఇంధనంగా కాల్చే ఓడ వేరు. మన రాష్ట్రంలో ధామ్రా టెర్మినల్‌కు 2023 నుంచి వస్తున్నవి సరుకు ఓడలు. వాటికి ఐజీసీ అనే వేరే కోడ్, గ్యాస్ ట్యాంకర్ అనే వేరే శిక్షణ. ఆ గ్యాస్ ట్యాంకర్ సర్టిఫికెట్ ఉన్నవాడికి ఐజీఎఫ్ బేసిక్ అర్హత ఉన్నట్టే లెక్క. దానికోసం మళ్లీ డబ్బు కట్టనక్కర్లేదు. ఐజీఎఫ్ బేసిక్ ఒక్కటే పట్టుకుని గ్యాస్ ట్యాంకరు ఎక్కుతానంటే మాత్రం కుదరదు.

ఎల్‌ఎన్‌జీయే చివరి మజిలీ కాదు. దాన్ని వాడితే గంధకం పొగ దాదాపు పోతుంది, 2020 నుంచి ఇంధనంలో గంధకం 0.50 శాతం మించకూడదన్న నియమానికి సరిపోతుంది. కానీ ఇంజనులో కాలకుండా తప్పించుకునే మీథేన్ భూమిని బొగ్గుపులుసు వాయువు కంటే ఎన్నో రెట్లు వేడెక్కిస్తుంది. ఐరోపా 2025 నుంచి ఆ లెక్క కూడా అడుగుతోంది. మరోపక్క అమ్మోనియా ఓడలకు ఐఎంఓ 2024 డిసెంబరులో తాత్కాలిక మార్గదర్శకాలు ఇచ్చింది. గోపాల్‌పూర్‌లో, కాకినాడలో హరిత అమ్మోనియా ప్లాంట్ల వార్తలు మీరూ చదివే ఉంటారు. మీథేన్‌తో ముఖ్యమైన ప్రమాదం మంట, అమ్మోనియాతో ముఖ్యమైన ప్రమాదం దాన్ని పీల్చడం. ఆ ఓడలు ఎక్కువయ్యే వేళకు ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు ఉద్యోగ వయసుకు వస్తారు.

తల్లిదండ్రులకు మూడు మాటలు. కోర్సు చెప్పే సంస్థకు డీజీ షిప్పింగ్ ఆమోదం ఉందో లేదో, ఆ సంస్థకే కాదు ఆ ఫలానా కోర్సుకు ఉందో లేదో, డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో చూడండి. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెన్సీని ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు నంబరు అడగండి. ఓడలో ఉద్యోగం చూపించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ నౌకా కార్మిక ఒప్పందమే చెబుతోంది. పాస్‌పోర్టు, వైద్య పరీక్ష, సీడీసీ పుస్తకం ఖర్చులు మాత్రం మనవే. అంతకు మించి లక్షలు అడిగితే ఇంటికి వచ్చేయండి.

వెబ్‌సైటులో చూసుకోవడం రాని వాళ్లు శనివారం మధ్యాహ్నం రెండు తర్వాత కంప్యూటరు గదికి రండి. సంస్థ పేరు, కోర్సు పేరు కాగితం మీద రాసుకుని తీసుకురండి. పదో తరగతి పిల్లలు మీ ముందే వెతికి చూపిస్తారు.

— ప్రధానోపాధ్యాయులు