ప్రాత యంత్రమునకు తగిన భాగము

2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదునొద్ద విమానాశ్రయము తెరువబడిన నాటినుండి మన ప్రాంతపు బాలురకు ఆకాశమున పోవు యంత్రములు నిత్యము కానవచ్చు వస్తువులైనవి. ఆ ఆవరణములో విమానములను బాగుచేయు శాలలును గలవు. అచ్చట ఒక విమానమునకు బిగించు భాగము ఎంత చిన్నదైనను, అది యెవరు చేసినది, యెవరు పరీక్షించినది తెలుపు పత్రము లేనిదే దానిని తాకనైన తాకరు. ఆ కట్టడిలోని న్యాయము నాకు బోధపడినది విమానశాలలో గాదు. అచ్చటికి కొద్ది దూరములో, ఒక రేకుల కొట్టములో.

మా పొరుగున నున్న పెద్దమనిషి తన తండ్రిగారు వాడిన 1938 నాటి ఇంగ్లండు దేశపు మోటారు కారును మరల నడిపింపవలెనని పూనుకొనెను. ఇంజనులో పిస్టనులను తిరుగుడు కమ్మికి కలుపు కడ్డీల బోల్టులు అరిగియుండుటచే, ఒక అంగడిలో అసలైనవని చెప్పిన బోల్టులను హెచ్చు వెలకు కొనితెచ్చెను. పెట్టె ప్రాతది, దానిపై ముద్రయు ప్రాతదే. వృద్ధుడైన మేస్త్రీ ఒక బోల్టును తీసికొని ప్రాత నట్టును త్రిప్పిచూచెను. అది రెండు చుట్లు తిరిగి పట్టివేసెను. అతడు కొలబద్ద పెట్టి, “అయ్యా, ఈ లావు బోల్టుకు ఇంగ్లండు సన్నమరలో అంగుళమునకు 22 చుట్లుండవలెను. దీనికి 24 ఉన్నవి. ఇది అమెరికా కొలత. పెట్టె ప్రాతదే గాని లోని సరుకు ఈ బండిది గాదు” అనెను.

విద్యార్థులారా! రెండు చుట్ల భేదము మీకు స్వల్పముగ తోచవచ్చును. విట్వర్తు దొర 1841లో నిర్ణయించిన మరకు కోణము 55 డిగ్రీలు. అమెరికా మరకును, నేటి మెట్రిక్కు మరకును 60 డిగ్రీలు. ఒకదానిలో నొకటి బలవంతముగ బిగించినచో పట్టు కొన అంచులకే దక్కును. బండి వేగముగ పోవునపుడు ఆ బోల్టు తెగెనా, కడ్డీ ఇంజను గోడను చీల్చుకొని వెలికి వచ్చును. ఆ బండిలో కూర్చుండువారు మన తల్లులు, మన బిడ్డలు.

ఇట్టి భాగము లేల దొరకవు? మన రాజధానికి మోటారు వాహనములతోడి సంబంధము ప్రాతదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తయారుచేయ నాజ్ఞాపించిన రోల్సు రాయిసు సిల్వర్ ఘోస్టు కారు ఆయన 1911లో గతించిన పిదపనే చేరినది. అది చౌమహల్లా భవనములో ప్రదర్శింపబడినది. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా నారంభించిరి. ఆనాటి ఆల్బియను బస్సులు గ్లాస్గో పట్టణమునుండి వచ్చినవి. ఆ ఆల్బియను సంస్థ 1951లో లేలండు సంస్థలో కలిసిపోయినది. బండి మిగిలినను దానికి భాగములు చేయు కర్మాగారము మిగులలేదు. ప్రాత బండ్లలో పెక్కింటి కథ యిదియే.

కావున బాగుచేయువానికి మార్గములు మూడు. మొదటిది వెదకుట: రాణీగంజు అంగళ్లు మొదలు చెన్నపట్టణములోని పుదుప్పేట వరకు తిరిగి, విదేశములలోని ప్రాతకార్ల సంఘములకు వ్రాసి, అసలు భాగమును సంపాదించుట. ఇది ఉత్తమమే, అయితే నడచుచున్న మరియొక ప్రాత బండిని విప్పి తెచ్చినదైనచో, ఒకరి కన్ను తీసి మరియొకరికి పెట్టినట్లగును. రెండవది చేయించుట: అరిగిన భాగమును కొలిచి, కొయ్య నమూనా చేసి, పోతపోయించి, లేతుపై తీర్చుట. బాలానగరువంటి చోట్ల ఈ పని చేయగల చేతులు నేటికిని గలవు. మూడవది నేటి భాగమేదో ఒకటి అతికించి, పైన రంగువేసి, అంతయు ప్రాతదేయని చెప్పుట.

నా అభిప్రాయము సూటిగ చెప్పెదను. రెండవ మార్గములో సిగ్గుపడవలసినది లేదు. సిగ్గంతయు మూడవదానిలోని మాటయందే యున్నది. సరియైన కొలతకు, సరియైన లోహముతో నేడు చేసిన భాగము, దొంగ ముద్రగల పెట్టెలోని భాగముకంటె వేయిరెట్లు మేలు. అయితే దానిమీద చేసిన సంవత్సరము చెక్కవలెను; తీసివేసిన అరుగుడు భాగమును పారవేయక దాచవలెను; జరిగిన పని యంతయు ఒక పుస్తకములో వ్రాయవలెను. ప్రాతవాహనముల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో కూర్చిన ట్యూరిను శాసనపత్రము సైతము క్రొత్త భాగములను గుర్తింపదగినట్లు ముద్రింపుడనియే చెప్పుచున్నది.

ప్రాతదనముపై మోజు హద్దుమీరుటయు నాకు సమ్మతము గాదు. ఆనాటి బ్రేకులలో రాతినార యుండెనని, ఊపిరితిత్తులకు కీడుచేయు ఆ పదార్థమునే నేడును వెదకుట అవివేకము. మన దేశమున 2000 సంవత్సరములో పెట్రోలునుండి సీసము తొలగింపబడినది. కావున ప్రాత ఇంజనులో వాల్వులు కూర్చుండు చోట గట్టి ఉక్కు వలయములు పెట్టుట దోషము గాదు. నేటి పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. అది ప్రాత రబ్బరు గొట్టములను చెరచును. అట్టి మార్పులు చేయుడు, వ్రాసి యుంచుడు.

“ఇంత శ్రమ యేల? డీజిలు ఇంజను పెట్టి నడుపుకొనరాదా?” అని కొందరందురు. బ్రతుకుతెరువుకై నడుపువానిని నేను తప్పుపట్టను. ఎన్నియో అంబాసిడరు కార్లు అట్లే కుటుంబములను పోషించినవి. కాని దానిని జీర్ణోద్ధరణమని పిలువరాదు. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములును, ఏబది సంవత్సరములు దాటి, చట్రమును ఇంజనును మార్పక కాపాడిన బండినే ప్రాచీన వాహనముగ నమోదు చేయుచున్నవి. గుడిని బాగుచేయించువాడు మూలవిరాట్టును మార్చి పాతగుడియే యనునా?

మా పొరుగువారు ఆ బోల్టులను తిరిగి యిచ్చివేసి, సరియైన ఉక్కుతో క్రొత్తవి చేయించిరి. నాలుగు నెలలు పట్టినది. బండి నడచిన దినమున మేస్త్రీ తన మనుమనిచే ఆ పనిపుస్తకములో తేదీ వ్రాయించెను. తగరము, అంటిమొని, రాగి కలిపి బేరింగులో పోతపోయు విద్య ఆ వృద్ధుని చేతిలో నున్నది, నేర్చుకొనువా రరుదు. తలిదండ్రులారా, మీ పిల్లవాడు లేతువద్ద నిలిచి చూచుచున్నచో కోపగింపకుడు. బాలురారా, ఆ విద్యను అడిగి నేర్చుకొనుడు. దానితోపాటు క్రొత్తదానిని క్రొత్తదనియే చెప్పు అలవాటును గూడ నేర్చుకొనుడు. అది లేనిదే మీ చేతిపనిని నమ్మి ఎవరును బండి యెక్కరు.